మా పులుసు బాగోలేదని రాయండి

కరోనా సద్దుమణిగి హోటళ్ళ తలుపులు మళ్ళీ బార్లా తెరుచుకున్న ఏడాది అది. అప్పుడు నేను అవనిగడ్డలో ఒక దినపత్రికకు స్ట్రింగర్‌ని. స్ట్రింగర్ అంటే ఊళ్ళో ఉండి వార్తలు పంపే విలేకరి. మెడలో కార్డు ఉంటుంది, జీతం మాత్రం ఉండదు. కాలవలకు నీళ్ళు రాలేదని, కరకట్ట రోడ్డు గుంతలు పడిందని ఏళ్ళ తరబడి రాశాను. జనం చదివేవారేమో గానీ, ఒక్కరూ పలకరించిన పాపాన పోలేదు.

ఆ వేసవిలో జిల్లా పేజీకి ప్రతి ఆదివారం తిండి మీద ఒక బాక్స్ ఐటెమ్ పంపమని బందరు డెస్క్ నుంచి కబురొచ్చింది. బాక్స్ ఐటెమ్ అంటే చుట్టూ గీతలు కొట్టి విడిగా వేసే చిన్న వార్త. ఎక్కడ కొత్త హోటలు తెరిచారు, ఏది మూతబడింది, ఎక్కడ ఏది బాగుంది, అన్నీ అందులోనే. కృష్ణా జిల్లా వాళ్ళకి తిండి వార్త ముందు మిగతా వార్తలన్నీ దిగదుడుపే. నీళ్ళ గురించి రాస్తే పట్టించుకోని పెద్దమనుషులు, బందరు హల్వాలో నెయ్యి తగ్గిందని ఒక ముక్క రాసేసరికి దారికాచి మరీ వాదించారు. విలేకరినయ్యానని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

అలా కొన్ని వారాలు గడిచాక రూతమ్మ గారి మెస్ గురించి రాశాను. బస్టాండు వెనక సందులో రేకుల షెడ్డు, నాలుగు బల్లలు. కాలవల్లో పట్టిన బొమ్మిడాయలు తెచ్చే మనిషి ఒకామె ఉంది. ఆమె ఎన్ని తెస్తే ఆ పూటకి అన్నే. ఐసు పెట్టెలో పడుకున్న చేప ఆ గడప తొక్కదు. బూడిద వేసి జిగురు పోయేదాకా రుద్ది కడిగి, మట్టి దాకలో సన్నసెగ మీద పులుసు చిక్కబడనిచ్చి, దించే ముందు కాస్త మెంతిపిండి చల్లుతారు రూతమ్మ గారు. ఆ పూట తిని చేతులు కడుక్కున్నా, సాయంత్రం దాకా వేళ్ళని ఆ వాసన వదల్లేదు. నాకొచ్చిన మంచి మాటలన్నీ దాచుకోకుండా రాసేశాను. ఫొటో కూడా బాగా పడింది.

కొన్నాళ్ళకి ఒక ఉదయం రూతమ్మ గారు మా ఇంటికొచ్చారు. కృతజ్ఞత చెప్పడానికి వచ్చారేమో అనుకుని కుర్చీ వేశాను. ఆవిడ కూర్చోలేదు.

“బాబూ, మీరు రాసింది వెనక్కి తీసేసుకోండి.”

“అయ్యో, ఏమన్నా తప్పు రాశానా రూతమ్మ గారూ?”

“తప్పు రాస్తే పోనీలే అనుకునేదాన్నండి. ఉన్నదే రాశారు, చిక్కంతా అక్కడే వచ్చింది. మా పులుసు బాగోలేదని ఒక ముక్క రాయండి. ఉప్పెక్కువైందంటారో, మట్టి వాసనొస్తందంటారో, మీ ఇష్టం.”

మా వృత్తిలో దీన్ని రిజాయిండర్ అంటారు. మా మీద వేసిన వార్త సరికాదు, సవరణ వేయండి అని అడగడం. తిట్టి రాస్తే రిజాయిండర్ తెచ్చినవాళ్ళు నాకు కొత్త కాదు. పొగిడితే తెచ్చిన మనిషిని చూడటం అదే మొదలు. నవ్వొచ్చింది గానీ, ఆవిడ ముఖం చూసి మింగేశాను.

“బేరాలు పెరిగితే ఎవరైనా సంతోషిస్తారు కదండీ,” అన్నాను.

“మా సుబ్బారావు బన్ను తిని బస్సెక్కుతున్నాడండి,” అని ఒక్క మాట అని వెళ్ళిపోయారు.

ఆ సుబ్బారావు ఎవరో ఆదివారం మెస్‌కి వెళ్తే తెలిసింది. సందు మొదలు దాకా కార్లు. బందరు వాళ్ళు, గుడివాడ వాళ్ళు, ఉయ్యూరు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి. బల్లల దగ్గర తినేవాళ్ళ వెనక ఒక్కొక్కరు నిలబడి ఎప్పుడు లేస్తారా అని చూస్తున్నారు. ఫోన్లు పులుసు మీదకి వంగి ఉన్నాయి. ఇంతలో ఖాకీ చొక్కా కండక్టరు ఒకాయన వచ్చి, లోపలికి తొంగి చూసి, చేతి గడియారం చూసుకుని వెనక్కి తిరిగాడు. ఆయనే సుబ్బారావు. ఆర్టీసీ వాళ్ళకి అక్కడ ఉండే హాల్టు పావుగంట. రూతమ్మ గారు ఆయన్ని చూసి గబగబా గిన్నెలో అన్నం, పులుసు పెట్టుకుని బస్టాండు వైపు పరుగెత్తారు. నేనూ వెనకే వెళ్ళాను. మేం వెళ్ళేసరికి బస్సు మలుపు తిరుగుతోంది. కండక్టరు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆవిడ గిన్నె మీద కొంగు కప్పి అక్కడే నిలబడిపోయారు. నేను రాసిన మంచి మాటలన్నీ నాకప్పుడు గొంతులో ముళ్ళయ్యాయి.

“పెద్ద దాక పెట్టొచ్చు కదండీ,” అన్నాను తిరిగి వస్తూ.

“పెద్దదాంట్లో అడుగు ముక్క చిదిరిపోద్ది బాబూ. అయినా చేప ఏదండీ?”

“పోనీ, రోజూ వచ్చేవాళ్ళకి పక్కన తీసిపెడితే?”

“పెట్టి చూశానండి. ‘అదెవరికమ్మా, మేం డబ్బులివ్వమా’ అన్నాడొకాయన. ఆయనదీ ఆకలే కదండీ. ఎండలో పిల్లల్ని తీసుకుని అంత దూరం నుంచొచ్చినాయన్ని లేదు పొమ్మని నా నోటితో ఎట్లా అంటాను?”

అప్పుడు అసలు సంగతి చెప్పారు. “నేను మెస్ పెట్టిన కొత్తలో డిపో వాళ్ళు, మార్కెట్లో అరిటిగెలలు దించేవాళ్ళు తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు కాదండి. ‘అక్కా, ఇవాళ పులుపు లాగేస్తంది, అక్కా, ఉప్పు చాల్లేదు’ అని వాళ్ళు చెప్తా ఉంటే దిద్దుకుంటా వచ్చాను. ఈ కార్లవాళ్ళు మంచోళ్ళేనండి. ఏం పెట్టినా సూపరంటారు. పేపర్లో పడ్డాక ఇంక బాగోలేదనే మనిషే లేడు. నా చెయ్యి ఎటు పోతందో నాకు తెలీట్లేదు బాబూ.”

పొగడ్తకి భయపడే వంటమనిషిని చూసి నాకు నిజంగా దణ్ణం పెట్టాలనిపించింది.

డెస్క్‌కి ఫోన్ చేశాను. సబ్ ఎడిటర్, అంటే మేం పంపిన వార్తలు దిద్దే ఆయన, నా మాట పూర్తిగా వినకుండానే కొట్టిపారేశాడు. “బాగుందని రాసిన చేత్తో బాగోలేదని రాస్తావేంటయ్యా? రేపు మనల్ని ఎవరు నమ్ముతారు? కావాలంటే ఫాలోఅప్ పంపు.” ఫాలోఅప్ అంటే వేసిన వార్తకి కొనసాగింపు. ఆయన చెప్పిందీ న్యాయమే.

మర్నాడు పొయ్యి ఆరాక రూతమ్మ గారి దగ్గరకెళ్ళి ఒకే ఒక్క ప్రశ్న వేశాను. “మీకే బయట తినాలనిపిస్తే ఎక్కడ తింటారండీ?”

ఆవిడ ముఖం వెలిగింది. అడిగేవాళ్ళు లేక గానీ, ఆ నాలుక మీద జిల్లా అంతా ఉంది. పీతల ఇగురైతే నాగాయలంక కరకట్ట పక్కన పాక హోటలు. “పీత నా చేతికి లొంగదండి, ఆయనకి లొంగుద్ది.” మినప గారెలకి చల్లపల్లి సెంటర్లో బండి. మంగినపూడి వెళ్ళే దారిలో మెత్తళ్ళ వేపుడు చేసే ముసలామె. నాటుకోడి తినాలంటే గుడివాడ. తొక్కుడు లడ్డు సంగతి అడగబోతే, బందరు వాళ్ళది కాకపోతే అది లడ్డే కాదని కసిరారు. పక్కవాళ్ళ వంటని ఇంత సంబరంగా చెప్పుకునే హోటలు వాళ్ళని అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

“మరి ఇక్కడ, మన ఊళ్ళో?” అన్నాను.

ఆవిడ సందు అవతలికి చూశారు. అక్కడ సామ్రాజ్యం గారి మెస్ ఉంది. మురుగునీళ్ళు ఎటు పోవాలన్న దగ్గర మొదలైన తగువులో ఇద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవని బస్టాండులో కుక్కకి కూడా తెలుసు.

“రాసుకోండి,” అన్నారు చివరికి. “చింతచిగురు రొయ్యలు. సామ్రాజ్యం చేసినట్టు ఈ దివిసీమలో ఎవరూ చెయ్యలేరు.”

“మీకూ ఆవిడకీ మాటల్లేవు కదండీ?”

“మాటల్లేకపోతే? అందుకని రొయ్యలు చేదెక్కుతాయా? చిగురొచ్చిన రోజుల్లో మనిషిని పంపి పార్శిల్ తెప్పించుకుంటాను. నాకని తనకి తెలీదు.”

ఆ ఆదివారం ‘రూతమ్మ గారు తినే చోట్లు’ అని బాక్స్ పడింది. పార్శిల్ సంగతితో సహా ఆవిడ మాటలు ఆవిడవిగానే వేశాను. నేను కలిపింది ఏమీ లేదు. కార్లు మెల్లగా చీలాయి. కొన్ని నాగాయలంక వైపు తిరిగాయి, కొన్ని చల్లపల్లి దగ్గరే ఆగిపోయాయి. మెస్ సందులోకి వచ్చినవాళ్ళు కూడా సగం మంది అవతలి గుమ్మం ఎక్కారు.

తర్వాతి వారం నేను రూతమ్మ గారి మెస్‌లో కూర్చుని ఉండగా సామ్రాజ్యం గారు మూతపెట్టిన గిన్నెతో వచ్చి బల్ల మీద ఠపీమని పెట్టారు. “రొయ్యలు కావాలంటే అడగడానికి నోరు లేదా వదినా? దొంగచాటు పార్శిళ్ళెందుకు?” గొంతు కోపంగానే ఉంది గానీ కళ్ళల్లో నీళ్ళున్నాయి. రూతమ్మ గారు ఆ గిన్నె ఖాళీ చేసి, అందులో తన పులుసు నింపి ఇచ్చారు.

ఆ తర్వాత ఎన్నో తిండి వార్తలు రాశాను. ఎక్కడికి వెళ్ళినా ముందు వంట చేసేవాళ్ళని, మీరెక్కడ తింటారని అడుగుతాను. ఎదుటివాళ్ళ రుచిని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నవాళ్ళ దగ్గర తిన్న భోజనం నన్ను ఇంతవరకూ మోసం చెయ్యలేదు. ఈ వ్యవహారం నాకు నేర్పిన మొదటి పాఠం అది. రెండోది మాత్రం నేను చెప్పగలిగేది కాదు, ఆ రోజే అక్కడే విన్నది.

సామ్రాజ్యం గారు వెళ్ళిన కాసేపటికి సుబ్బారావు వచ్చాడు. బల్ల ఖాళీగా ఉంది. కూర్చుని, పులుసు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రూతమ్మ గారు గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడి ఆయన ముఖమే చూస్తున్నారు.

“ఉప్పు పిసరంత తగ్గిందక్కా,” అన్నాడు.

ఆవిడ ముఖం చేటంత అయింది. నా వైపు తిరిగి, “ఇదండీ బాబూ, ఇది రాసుకోండి,” అన్నారు.