ఫెబీ పొగ లెక్క

రాష్ట్రంలో ఫ్యాక్టరీలూ బట్టీలూ కాల్చే బొగ్గు నుంచి ఎంత కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోందో తేల్చే సర్వేలో, మార్కాపురం వైపు ఇటుక బట్టీలు ఫెబీ వంతు. స్కూటీ మీద ఊరూరూ తిరుగుతుంది. ఉద్యోగం మంచిదే కానీ, ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బట్టీల వాళ్లకేమో లెక్కలడిగిన వాళ్లంతా ట్యాక్సు వాళ్లే.

"బొగ్గా? మా బట్టీలో బొగ్గు వాసన కూడా ఉండదమ్మా. అంతా శనక్కాయ పొట్టే," అన్నాడు కాశిరెడ్డి, టార్పాలిన్ కప్పిన బొగ్గు కుప్పకు ఆనుకుని నిలబడి. నల్లబడ్డ చేతిని పంచెకు తుడుచుకున్నాడు కూడా.

ఫెబీకి ఒళ్లు మండింది. కొత్తలో అయితే పోట్లాడి వచ్చేసేది. ఇప్పుడు రెండు ఇటుకలు తీసి ఒకదానితో ఒకటి కొట్టింది. బాగా కాలిన ఇటుక ఖంగుమంటుంది. ఇవీ ఖంగుమన్నాయి. అయినా ఆమె పెదవి విరిచింది.

"పొట్టుతో కాల్చినారు గదన్నా, అందుకే పచ్చిగా ఉన్నట్టుండాయి."

కాశిరెడ్డి ముఖం జేవురించింది. "ఏంది, నా ఇటుక పచ్చిదా? లచ్చ ఇటుకకి పదైదు టన్నుల బొగ్గు పోస్తా! పొట్టుతో యాడన్నా ఇట్ల మోగుతాదా?"

ఫెబీ ఫోన్‌లో పదిహేను అని కొట్టింది. అది చూసి ఆయన నాలుక కరుచుకున్నాడు. ట్యాక్సుకు కాదనీ, పొగ లెక్కకేననీ ఆమె మరోసారి చెప్పింది. ఆయన గొంతు సవరించుకుని రోడ్డవతలి బట్టీ వైపు చూశాడు.

"వాడెంత చెప్పినాడు?"

"చెప్పకూడదన్నా."

"చెప్పబాకలే. వాడెంతంటే, అంతకి రెండు టన్నులు పైనే రాసుకో నాకు."