రాళ్ళ చదువు, పది బారల తాడు

మా నాన్నది ఆదోనిలో తాళ్ళ కొట్టు. పగ్గాలు, మోకులు, గోనెసంచులు, ఎద్దుల మెడలో కట్టే గంటలు అమ్మేవాడు. మార్కెట్టుకు పత్తి బండ్లు తోలుకొచ్చిన రైతులు మా అరుగు మీద కాసేపు నడుం వాల్చి, సద్ది మూట విప్పుకుని తిని పోయేవాళ్ళు. కొట్లో నాన్న పెట్టిన కట్టడి ఒకటుండేది. వచ్చిన మనిషికి 'లేదు' అనే మాట చెప్పకూడదు. సరుకు అయిపోయి నెలైనా సరే, రేపొస్తుంది అనాలి, లోపల చూసి చెప్తాను అనాలి. 'లేదు' అంటే లక్ష్మి మెట్టు దిగిపోతుందని ఐదు పూటలా నమాజు చేసే మా నాన్న కూడా నమ్మేవాడు. నేను బేరం నేర్చింది, మాట నేర్చింది ఆ కొట్లోనే.

డెబ్బైల నడుమ ఇంటర్ పాసయ్యాను. నేను బి.కాం. చదవాలని నన్ను తప్ప అందరినీ అడిగి ఖాయం చేశారు. ఆదోని నిండా పత్తి మిల్లులు, నూనె మిల్లులు. లెక్కలు రాసేవాడికి ఎక్కడైనా ఒక కుర్చీ దొరుకుతుంది. ఎమ్మిగనూరులో నూలు దుకాణంలో పనిచేసే మా మామూ, అంటే అమ్మ తమ్ముడు, తన షావుకారుతో అప్పుడే మాట్లాడేసి కూడా పెట్టాడు.

నేను కర్నూలు వెళ్ళి జియాలజీలో చేరాను. రాళ్ళంటే ప్రేమ ఉండి చేరానని చాలామందికి చెప్పుకున్నాను గానీ, అది అబద్ధం. బి.కాం. ఆదోనిలోనే ఉంది. జియాలజీ ఆదోనిలో లేదు. నాకు కావలసింది అంతే. ఆ ఊళ్ళో, ఆ అరుగు మీద, ఆ పీచు వాసనలో నాకు కాలు నిలిచేది కాదు. కాలేజీ ఆఫీసులో గుమాస్తా ఏ గ్రూపు అని అడిగితే, గోడకున్న బోర్డు మీద రాసిన వాటిలో మా ఊళ్ళో దొరకనిది ఏదో చూసి దాని పేరు చెప్పాను.

మా ఇంట్లో ఉర్దూ, కొట్లో తెలుగు. సంగతి తెలిశాక నాన్న నాతో అన్న మాట మాత్రం తెలుగులోనే అన్నాడు, అరుగు మీద ఉన్న రైతులకు కూడా అర్థం కావాలని.

"రాళ్ళు సదివేదానికి కర్నూలుదాకా యాలరా? మనింటెనకే కొండుంది గదా. పోయి ఆడ కూసోని సదువుకో."

అందరూ నవ్వారు. నేను సంచీ సర్దుకుని బస్సెక్కాను గానీ ఆ నవ్వు నాతో పాటు కర్నూలు దాకా వచ్చింది.

ఆ తర్వాత మూడేళ్ళూ ఇదే తంతు. ఎమ్మిగనూరులో పెళ్ళికి పోతే మా మామూ నన్ను పదిమందికి చూపించి, మావాడు సైన్సు చదువుతున్నాడని చెప్పి, ఏ సైన్సో వాళ్ళు అడిగేలోపు పులావు సంగతి ఎత్తేవాడు. ఒక పెద్దాయన ఎలాగో సంగతి లాగి, వేలికున్న ఉంగరం ఊడదీసి, ఇందులో నీలి ఫిరోజా రాయి అసలుదా నకిలీదా చెప్పమని నా చేతిలో పెట్టాడు. నాకెలా తెలుస్తుంది? అటు చూసి ఇటు చూసి మంచిదే చాచా అన్నాను. ఆయన సంతోషించాడు. ఆ పూట నా చదువుకు దక్కిన మర్యాద అదొక్కటే.

నిజం చెప్తే ఏమవుతుందో అంతకుముందే ఒకసారి చూశాను. తుగ్గలి వైపు తొలకరి పడగానే పొలాల్లో జనం వజ్రాలు వెతుకుతారు. అలా దొరికిన రాయిని ఒక రైతు రుమాలులో మూడు ముళ్ళు వేసి మా కొట్టుకు తెచ్చి, నన్ను పక్కకు పిలిచి చూపించాడు. అది పలుగురాయి. వజ్రం కాదని చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. రుమాలు మూట కట్టుకుని, కొనడానికి పక్కన పెట్టించిన పగ్గాలు కూడా వదిలేసి పోయాడు. ఆ ఏడంతా మా మెట్టు ఎక్కలేదు. మనిషికి మొగమ్మీదే కాదని చెప్తారా అని నాన్న నాకు తలంటాడు. నా చదువు కంటే ఆయనకు ఆ మాటే పెద్ద తప్పుగా కనిపించింది.

రెండో ఏడు నుంచి మాత్రం నాకు ఆ చదువు మీద నిజంగానే మనసు పడింది. మా లెక్చరర్ ఒకాయన మమ్మల్ని ఎండలో పొలాల వెంట తిప్పి, తెల్ల బండరాళ్ళ మధ్య నుంచి అడ్డంగా పోయే నల్లరాతి వరస చూపించాడు. అది నేలలోపల కట్టిన గోడ లాంటిది. పైనుంచి జారివచ్చే నీళ్ళను ఆపేస్తుంది. గోడకు ఎగువన తవ్వితే నీళ్ళు పడొచ్చు, దిగువన మాత్రం పొడిబండే. ఆయన చెప్పింది ఇంతే. ఆ తర్వాత బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే నాకు కుదురు ఉండేది కాదు. చిన్నప్పటినుంచి చూసిన చేలన్నీ కొత్తగా కనిపించేవి. ఎక్కడ గోడ ఉంది, ఎక్కడ లేదు అని వెతుక్కుంటూ దిగాల్సిన చోట దిగడం మర్చిపోయేవాణ్ణి.

ఈ గోడ సంగతి నేను ఆదోనిలో ఒక్కరికే చెప్పాను. ఆస్పరి దాటాక ఒక పల్లె నుంచి మా కొట్టుకు వచ్చే రైతు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆయన్ను మామా అనే పిలిచేవాణ్ణి. ఐదెకరాల మెట్ట, జత ఎద్దులు, అంతే ఆయన ఆస్తి. ఆ ఎద్దుల మెడలో గంటలు మా కొట్టువే. నా చదువులో ఏముంటుందని నవ్వకుండా అడిగిన మనిషి ఆయనే. నేల లోపలి సంగతులు కూడా పుస్తకాల్లో రాసి ఉంటారా అని అడిగి, సద్ది తినడం ఆపి మరీ విన్నాడు.

ఆ ఏడు ఉగాదికి ఇంటికొస్తే ఆయన నన్ను పండక్కి పిలిచాడు. మర్నాడు కైరుప్పల తిరునాళ్ళలో, జనం రెండు జట్లై పిడకలు విసురుకునే దెబ్బలాట చూసి, ఒళ్ళంతా దుమ్ముతో ఆయన ఊరికి నడిచాం. ఇంటి ముందు నులకమంచం వేసి ఉంది. కోడిని కోశారు. ఊళ్ళోవాళ్ళు పది పన్నెండు మంది వచ్చి నిలబడ్డారు. అప్పుడు తెలిసింది, నన్ను పిలిచింది పండక్కి కాదు. ఆయన బావి తవ్వాలనుకుంటున్నాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి నీళ్ళు చూసే మనిషి ఒకడు అప్పటికే వచ్చి, చోటు గుర్తు పెట్టి, సున్నం చల్లి పోయాడు. ఎద్దులు అమ్మి ఆ డబ్బుతో తవ్విస్తాడట. నీళ్ళు పడితే మళ్ళీ ఎద్దులు కొనుక్కోవచ్చునట.

చేనులోకి నడిచాం. వెనకే ఊరు నడిచింది. ఎవరో నన్ను నీళ్ళ సారూ అన్నారు, ఎగతాళికి కాదు. నాకు అది వినడానికి ఎంత బాగుందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

సున్నం గుర్తు దగ్గరికి చేరకముందే నాకు నల్లరాతి వరస కనబడింది. పై రైతు గట్టుకూ ఈయన గట్టుకూ మధ్య, తుప్పల్లో నుంచి నల్లగా తేలి, చేను పొడుగునా పోతోంది. ఈయన ఐదెకరాలూ దానికి దిగువన ఉన్నాయి. వంగి ఒక రాయి తీసి చూశాను. ఇంకోటి తీశాను. కాళ్ళు ఆగక చేను చుట్టూ రెండుసార్లు తిరిగాను. జనం నేను నీళ్ళు వెతుకుతున్నానని అనుకున్నారు. నేను వెతుకుతున్నది ఆ గోడలో ఎక్కడైనా ఒక్క పగులు. పగులు లేదు.

ఆయన నా దగ్గరికొచ్చి మెల్లిగా అడిగాడు.

"ఏమప్పా, తవ్వొచ్చునా?"

నీళ్ళు ఉండవని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళు చదివి నేను తెచ్చింది ఒక 'లేదు' అనే మాటేనా అని వీళ్ళంతా నవ్వుతారనిపించింది. రెండో ఏడు చదివేవాణ్ణి, నా చూపు తప్పయితేనో అని కూడా అనిపించింది. ఈ రెండో కారణాన్ని నేను చాలా ఏళ్ళు గట్టిగా పట్టుకుని ఉన్నాను. మొదటిదే నిజం.

"తవ్వి చూడొచ్చు మామా" అన్నాను.

ఆదోనికి తిరిగొచ్చిన నాటినుంచి నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు, బయట తిరగబుద్ధి కాలేదు. పుస్తకం తెరిస్తే నల్లరాతి వరసల పేజీయే వచ్చేది. ఆస్పరి బస్సు దగ్గరికి రెండుసార్లు పోయి, ఎక్కకుండా వెనక్కి వచ్చాను. పరీక్షలు రాసి వేసవి సెలవులకు వచ్చిన వారంలో ఆయనే కొట్టుకు వచ్చాడు. ఎద్దులు అమ్మేశాడు. తవ్విన మట్టి, రాయి పైకి లాగడానికి మోకు కావాలి. నాన్న సంతోషంగా నన్ను కొలవమన్నాడు. ఎంత పొడుగు కావాలని అడిగితే ఆయన నన్నే అడిగాడు, నీళ్ళు ఎంత లోతులో పడతాయో నువ్వే చెప్పు, అంతకు కొయ్యి అని.

అప్పుడైనా చెప్పొచ్చు. నాన్న పక్కనే ఉన్నాడు, కొడుకును ఒకడు సలహా అడుగుతున్నాడని మొదటిసారి ముఖం విప్పార్చుకుని చూస్తున్నాడు. పది బారలు చాలు మామా అన్నాను. చేతులు చాపి బార బారకూ కొలిచి, నా చేత్తోనే కోసి చుట్ట చుట్టి ఇచ్చాను.

నెల తిరక్కముందే ఇంకో నాలుగు బారల కోసం వచ్చాడు. నేను గోనెసంచుల దొంతర వెనక్కి పోయి, ఆయన మెట్లు దిగేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ బావిలో చెమ్మ కూడా తగల్లేదని వానలు మొదలయ్యాక మార్కెట్టులో విన్నాను. ఆ తర్వాత ఆయన మా కొట్టుకు రావడం మానేశాడు. ఎద్దులు లేనివాడికి తాళ్ళతో పనేముంది అన్నాడు నాన్న, తప్పు పట్టకుండానే.

ఆఖరి ఏడు చలికాలంలో మా మామూను చూడడానికి ఎమ్మిగనూరు వెళ్ళాను. నూనె మిల్లు ముందు వేరుసెనగ మూటలు దించుతున్న హమాలీల్లో బావి తవ్విన మామ ఉన్నాడు. ఆయనే ముందు చూశాడు. బాగున్నావా అని, నాయన బాగున్నాడా అని అడిగాడు. చేను బీడు పడిందని, అత్త ఊళ్ళోనే కూలికి పోతుందని చెప్పాడు. బావి సంగతి నేను ఎత్తకముందే ఆయనే ఎత్తి నన్ను ఓదార్చాడు. టెంకాయ మనిషినీ అనను, నిన్నూ అనను, నా నేల రాత అట్లుంది అన్నాడు.

ఆ ఓదార్పును నేను తట్టుకోలేకపోయాను. ఆ పొద్దే నాకు తెలుసు మామా అని చెప్పేశాను. నేను ఒకప్పుడు చెప్పిన నల్లరాతి గోడే ఆయన గట్టు వెంట ఉన్న సంగతి, చేను దాని దిగువన ఉన్న సంగతి, అన్నీ చెప్పాను. ఆయన అరుగు మీద విన్నట్టే శ్రద్ధగా విన్నాడు. విన్నాక తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. తిడతాడని ఎదురు చూశాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

"నాకు టెంకాయ మీద గురి ల్యాదప్పా. అందుకే గదా నిన్ను పిల్సుకపోయింది. నువ్వు వద్దనింటే ఆ మన్ను ముట్టేవాణ్ణే గాదు."

కోపంగా అనలేదు. నాకు తెలియని సంగతి ఒకటి చెప్తున్నట్టు అన్నాడు. నా చదువును చూసి నవ్విన వాళ్ళందరూ నాకు గుర్తున్నారు, వాళ్ళ మీద మూడేళ్ళుగా లోపల లోపల ఉడుకుతూనే ఉన్నాను. ఆ చదువును నమ్మి ఎద్దులు అమ్ముకున్న మనిషి నా ముందే నిలబడి ఉన్నాడు. ఇంతలో మేస్త్రీ కేకేశాడు. ఆయన తలగుడ్డ చుట్టుకుని రెండడుగులు వేసి ఆగాడు.

"ఇంగా ఎన్నాళ్ళుంది సదువు?"

"నాలుగు నెలలు మామా."

"బాగా సదువుకో. మా ఊర్లో ఇంగా శానామంది బావులు తవ్వాలని సూస్తాండారు" అని, మూట కిందికి భుజం వంచాడు.