డాడ్జర్‌కు పసుపు, సెబరావ్‌కు నిమ్మకాయ

పెరాక్ రాష్ట్రం ఉత్తరాన తెమెంగోర్ సరస్సు ఒడ్డున ఒక చేపలవేట విడిది ఉంది. అక్కడ నన్ను సీనియర్ బోట్‌మ్యాన్‌గా వేసిన ఏడాది, ఈశాన్యపు వానలు వెనకబట్టిన వారంలో జరిగిన సంగతి ఇది. పదవి సీనియరే గానీ కింద జూనియర్ ఎవడూ లేడు. పైగా ఉద్యోగంలో పరీక్షాకాలం. అప్పటికే వరసగా మూడు పడవలు చేప పడకుండా ఖాళీగా తిప్పి తెచ్చాను. నాలుగోదీ ఖాళీ అయితే వంటింట్లో పొలుసు తీసే పనికి మారుస్తానన్నాడు మేనేజరు. ఆ చేపలు బజారు నుంచి వస్తాయని కూడా అన్నాడు. అది ఎక్కువ తగిలింది.

నాలుగో పడవ ఎక్కింది క్లాంగ్‌లో ఫ్యాక్టరీ సూపర్‌వైజరుగా రిటైరైన అప్పలనాయుడు అంకుల్, ఆయన భార్య సింహాచలం ఆంటీ. ఆయన పెట్టెలోని సామానుతో ఒక చిన్న దేశం నౌకాదళం పెట్టుకోవచ్చు. అంతా వీడియోలు చూసి తెప్పించినది, కోకనీ కోసం తయారైనది. కోకనీ అంటే అమెరికా చల్లని సరస్సుల్లో బతికే సాల్మన్. మా నీళ్ళలో వదిలితే ఐదు నిమిషాల్లో పులుసైపోతుంది. అయినా దాన్ని పట్టే ట్రోలింగ్ పద్ధతి మా సెబరావ్ చేపకు పనికొస్తుందని నేను ఒప్పుకున్నాను.

ట్రోలింగ్ అంటే పడవను మెల్లగా నడుపుతూ వెనక ఎర లాగడం. ఎరకు మూరెడు ముందు డాడ్జర్ కడతారు. అది అరచేతంత వంకర రేకు. ఊగుతూ మెరుస్తూ, అక్కడ భోజనాలు నడుస్తున్నాయని చేపకు కబురందిస్తుంది. రీలు బ్రేకు వదులుగా ఉండాలి, లేకపోతే చేప మొదటి గుంజుకే దారం తెగుతుంది. పడవ పాములా మెలికలు తిరగాలి. మలుపులో బయటివైపు దారానికి వేగం పెరుగుతుంది, లోపలిది నెమ్మదించి కిందికి దిగుతుంది. చేప ఏ దారాన్ని పట్టిందో చూసి ఆ రోజు వేగం తేలుస్తాం.

ఆ రోజు తేల్చడానికి ఏమీ దొరకలేదు. విడిదిలో మధ్యాహ్నం గంట కొట్టేసరికి ఒడ్డు చేరాలి. పదకొండు దాకా నేను తిప్పిన మెలికలు చూసి నిజం పాములు సిగ్గుపడే ఉంటాయి. రెండు దారాలూ చుట్టించి చూశాను. రెంటికీ డాడ్జర్లు కట్టింది అంకులే. కస్టమరు సామాను అనుమతి లేకుండా తాకకూడదన్నది మా నియమం, అందుకని పొద్దున నేను వాటివైపు చూడలేదు. ఒక్కో రేకుకూ రెండు వైపులా నువ్వులనూనెతో కలిపిన పసుపు, మీద కుంకుమ. శుక్రవారపు గడపలా ఉంది.

"కొత్త సామాను పూజ సెయ్యకుండా నీళ్ళలో దించుతామేటి బాబూ? కారుకూ ఇలాగే సేసినాను. ఇంతవరకు ఒక్క గీత పడలేదు లా," అన్నాడు అంకుల్, ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించి.

కడగమనే హక్కు నాకు లేదు. నా మోటార్‌సైకిల్ మీది పసుపు నేనింకా తుడవలేదు.

ఆంటీ ఊరుకోలేదు. "కారు ముందద్దానికి కూడా పూసినారేటి? దారి కనపడాలని ఒదిలేసినారు కదా. ఈ రేకు సేపకి కనపడొద్దేటండీ?"

పూజకని తెచ్చిన నాలుగు నిమ్మకాయలు పడవకు చక్రాలు లేక మిగిలిపోయాయి. ఆంటీ ఒకటి కోసి రెండు రేకులనూ తళతళలాడేదాకా రుద్దింది. "ఇదీ పూజ నిమ్మకాయే. పాపం రాదు," అంది.

మూడో మలుపులో చేప బయటి దారాన్ని పట్టింది. వేగం చాలలేదన్నమాట. గాలం కర్ర వంగి సరస్సుకు సాష్టాంగపడింది. అంకుల్ బ్రేకు బిగించబోతే ఆంటీ చేతిమీద ఒక్కటి వేసింది. గంట కొట్టడానికి కాస్త ముందు సెబరావ్ వలలోకి వచ్చింది. దాని బరువు నేను ఏటా కొంచెం పెంచుతున్నాను కాబట్టి ఇక్కడ రాయను. రేవులో మేనేజరు చేపను చూశాడు, నన్ను చూశాడు, పొలుసు కత్తి లోపల పెట్టించాడు.

నిరుడు రిటైరయ్యేదాకా సీనియర్‌గానే ఉన్నాను. నేర్చింది ఇంతే: రేకు తాకడానికి అనుమతి పొద్దున్నే అడగాలి, పదకొండింటికి కాదు. పూజ చేస్తామన్నవాళ్ళకు, పసుపు రేకుకు కాకుండా దీనికి పూయండని పెట్టె మూత చూపించేవాణ్ణి.