అవ్వ కాళ్ల దగ్గర పాయింటు

పాయింటు అనే ఇంగ్లీషు మాట నాకు మొదట లెక్కల్లో తగిలింది. అంకెల మధ్య చుక్క. అది పక్కకు జరిగితే సారు బెత్తం నా మీదికి జరిగేది. తర్వాత పరీక్షల్లో పాయింట్లు రాయమన్నారు. రామన్నపేటలో మిర్చీ పాయింటు, ఇంట్లో కరెంటు పాయింటు, పంచాయితీలో నోరున్నవాడు మాట్లాడేదల్లా పాయింటే. డిగ్రీలో ఇంగ్లీషు సారు దాని పుట్టుక చెప్పాడు. లాటిన్‌లో గుచ్చడమట, గుచ్చితే మిగిలే గుర్తు పాయింటు. శ్రద్ధగా రాసుకున్నాను. పరీక్షలో రాలేదు.

తెలంగాణ వచ్చాక ఒక ఎండాకాలం మా బత్తాయి తోట ఆకు ముడిచింది. అప్పటికే మూడు బోర్లు వేయిస్తే మూడింట్లోనూ దుమ్మే. నాలుగోదానికి పాయింటు పెట్టే ఆయనను పిలిచాడు బాపు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని తోటంతా తిరిగాడు. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడాలి. అది పోయి పోయి మా అవ్వ సమాధి దగ్గర, కాళ్ల వైపు నిలబడింది.

అవ్వ మా చేలోని పాత బావి నీళ్లు తాగి బతికింది. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ ఆమె నడుము వంచేసింది. చివరి రోజుల్లో మా ముఖం చూపించాలంటే మేమే నేల మీద కూర్చోవాలి. ఆమెను పూడ్చే గుంత తవ్వేటప్పుడు కూడా మామూలు కొలత పనికి రాలేదు.

"ఇంకో జాగ చూడరాదన్నా?" అంది అమ్మ.

"వేరేకాడ కాయ లేస్తలేదమ్మా. నన్నేం జెయ్యమంటవ్?"

"కాయకు భయం లేకుంటే మనకన్న ఉండాలె గద!"

బాపు మాత్రం, "దూపకొచ్చినోళ్లకు అవ్వ ఎన్నడన్న నీళ్లు లేవన్నదా? ఇస్తది తియ్యి," అన్నాడు.

బోరు బండి వచ్చింది. తెల్లటి రాతిపొడి లేచి సమాధిని కప్పేసింది. మధ్యాహ్నానికి పొడి బురదై, నీళ్లు ఎగిశాయి. బాపు దోసిలి పట్టి తాగాడు.

"సక్కెర లెక్కున్నయిరా!"

నేను సీసాలో పట్టుకుపోయి నల్లగొండలో పరీక్ష చేయించాను. కాగితం మీద ఫ్లోరైడ్ ఎదురుగా, పాయింటుకు ముందు ఒకటికి మించకూడని చోట నాలుగుంది.

"చెట్లకే గదరా," అన్నాడు బాపు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "మనకు నల్లా నీళ్లున్నయి."

తోట పచ్చబడింది. బత్తాయికి నడుము లేదు కాబట్టి ఇబ్బంది రాలేదు. నల్లా మాత్రం తనకు తోచిన రోజు వస్తుంది.

మొన్న ఇంటికి పోయినప్పుడు బాపు చెప్పులు తొడుక్కోవడానికి వంగాడు. లేవడానికి గోడ పట్టుకున్నాడు.

"వయసురా," అన్నాడు, నేనేమీ అడగకముందే.

అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఏ నీళ్లమ్మా ఇవి?"

"ముందు తాగు, ఎండల వడి వచ్చినవ్."

తాగాను. బోరు పడ్డ రోజు బాపు చెప్పింది నిజమే. తియ్యగా ఉన్నాయి.