తోడల్లుడి మీద కడుపుమంట

నా కడుపుమంట చూడ్డానికి గుంటూరులో పెద్ద పెద్ద డాక్టర్లు మంచం చుట్టూ చేరారు. "ఇంత మంట పడ్డ మనిషి లేచి కూర్చోవడం మేమెక్కడా చూళ్లేదు" అన్నారు.

కాదులెండి. అది అద్దంకి. ఉన్నది ఒక కంపౌండరు. ఆయనా లేచి నిలబడలేదు. మంట మాత్రం నిజం.

పక్కవాడి పత్తిచేను తెల్లగా విచ్చుకుంటే మొహం మాడ్చుకున్నవాణ్ణి చూసి "వాడికి కడుపుమంట" అంటాం. వాడేం తిన్నాడని ఎవరూ అడగరు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి "నా కడుపుమంట ఎవరితో చెప్పుకోను" అంటే, అందులో అసూయా ఉండదు, అజీర్తీ ఉండదు. నాకైతే అసూయా, అజీర్తీ ఒకే పూట పట్టుకున్నాయి.

పెళ్లైన కొత్త. పండుమిరపకాయల రోజులు. అత్తగారింట్లో నేనూ, మా ఆవిడ అక్క మొగుడూ పక్కపక్కనే భోజనానికి కూర్చున్నాం. అప్పుడే రోట్లో నూరిన కొరివికారం వడ్డించి, అత్తగారు నేతిగిన్నె తెచ్చింది. తోడల్లుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకొద్దత్తయ్యా."

ఉత్త కారంతో అన్నం ఎర్రగా కలుపుకుని, కన్ను తడవకుండా తిన్నాడు. తలుపు వెనకనుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "నువ్వు అదృష్టవంతురాలివే అక్కా!"

నన్ను చూసి ఒక్కనాడూ అలా అనలేదు. నేనూ గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన కలుపుకున్నదానికి రెట్టింపు కారం కలుపుకున్నాను.

"నిదానం తమ్ముడూ" అన్నాడాయన.

ఆ తమ్ముడూ అన్నందుకు ఇంకాస్త కారం వేయించుకున్నాను.

సాయంత్రానికి ఎడ్లబండిలో అద్దంకి. కంపౌండరు పొట్ట నొక్కి, "ఎప్పట్నుంచయ్యా మంట?" అన్నాడు. "తోడల్లుడు వచ్చిందగ్గర్నుంచి" అనబోయి, "మధ్యాహ్నం నుంచండీ" అన్నాను. మోతాదు తెలిసేలా కాగితం గీతలంటించిన సీసాలో తెల్లమందు పోసిచ్చాడు. కారం మంట తగ్గింది. రెండోది ఉండిపోయింది. ఆ తర్వాత తోడల్లుడు ఎడ్లు కొన్నా, సైకిలు కొన్నా, నాకు తలుపు వెనక మాటే వినపడేది.

మొన్న మనవరాలికి ఇదంతా చెబుతూ, "మీ నాయనమ్మ ఆయన కారం తినడం చూసి మురిసిపోయింది" అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"కారం చూసి కాదయ్యా నేనంది. గిన్నెలో నెయ్యి అడుగునే ఉంది. మీ తర్వాత తినాల్సిన అక్క కడుపుతో ఉంది, దానికి మిగలాలని బావ వద్దన్నాడు. నీ వంతు నాకేసింది అమ్మ. నువ్వూ నా కోసమే వద్దన్నావనుకుని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకున్నా గదయ్యా!"