మా ఇంటి మగవాళ్లందరూ గ్యాస్‌తోనే పోయారు

మా ఆయన షూ లేసు వదులు కాలేదని నేను గమనించింది ఒక మంగళవారం పొద్దున. దూలపల్లిలో మేముండే లేఅవుట్ వెనక రోడ్డు కొంచెం ఎత్తెక్కుతుంది. అక్కడే నెల రోజులుగా ముగ్గురం రన్ కోసం ప్రాక్టీసు చేస్తున్నాం. ఆయన, నేను, కండ్లకోయలో ఇంజినీరింగ్ చదివే మా అమ్మాయి మేఘన. ఆ ఎత్తు సగానికి రాగానే ఆయన ఆగి, వంగి, లేసు కట్టుకునేవారు. కొత్త షూలు కదా అనుకున్నాను. ఆ రోజు పక్కనే నిలబడి చూస్తే ముడి గట్టిగానే ఉంది. వేళ్లు దాని మీద ఊరికే ఆడుతున్నాయి. నోరు తెరిచి గాలి పీల్చుకుంటున్నారు.

ఏమైందని అడిగాను. ముందు రోజు తిన్న బగారా అన్నం అరగలేదన్నారు. ఛాతీ మధ్యలో మంట, దవడ దగ్గర లాగినట్టు ఉంటోందట. గ్యాస్ అంతే, పరేషాన్ కావద్దన్నారు. ఇంటికొచ్చి సోడా తాగితే తగ్గింది. అలా తగ్గడమే మా కొంప ముంచింది.

మాది శామీర్‌పేట వైపు భూములున్న కుటుంబం. ఇప్పుడు సాగు తక్కువ, ప్లాట్ల వ్యాపారం ఎక్కువ. ఆయనకు కాస్త రాజకీయాల పిచ్చి కూడా ఉంది. చుట్టుపక్కల కాలనీ సంఘాలు కలిసి ఆ ఆదివారం పెట్టిన ఐదు కిలోమీటర్ల రన్‌కు ఆయన ఒక స్పాన్సర్. మేడ్చల్ హైవే మీద ఫ్లెక్సీలో మా ముగ్గురి ఫొటో వేయించారు. పట్టుచీర ఫొటో ఇస్తే ట్రాక్ సూట్ ఫొటో వేశారని నేను రెండు రోజులు అలిగాను కూడా. ఫ్యామిలీ కేటగిరీలో ఒక నియమం ఉంది. ఇంటివాళ్లందరూ చేతులు పట్టుకొని ఒకేసారి గీత దాటాలి. ఒక్కరు ఆగిపోయినా ఆ ఇంటికి మెడల్ లేదు.

నేను పోరు పెడితే కొంపల్లిలో ఒక క్లినిక్‌కు వచ్చారు. డాక్టర్ ఈసీజీ తీశారు. "నార్మల్‌గానే ఉంది. కానీ రెస్ట్‌లో తీసిన ఈసీజీలో అన్నీ కనబడవు. ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే టీఎంటీ టెస్టు చేద్దాం, అప్పటిదాకా రన్నింగ్ వద్దు" అన్నారు. ఇంట్లో ఎవరికైనా హార్ట్ ప్రాబ్లం ఉందా అని అడిగారు. ఆయన తడుముకోకుండా లేదన్నారు. నేనూ తల ఊపాను. మేం అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా నమ్మాం.

బయటికొచ్చాక టీఎంటీ ఆదివారం తర్వాత చూద్దామన్నారు. ముందే ఏదైనా తేలితే ఫ్లెక్సీ మీద ముఖం పెట్టుకొని ఇంట్లో ఎలా కూర్చోవాలని ఆయన బాధ. నేను గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. పట్టుబట్టలేదు. ఆ ఫ్లెక్సీ మీద నా ముఖమూ ఉంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

ఆదివారం శామీర్‌పేటలో చలి వణికించింది. మా అత్తమ్మ శాలువా కప్పుకొని ఫినిష్ దగ్గర కుర్చీలో కూర్చుంది. మూడో కిలోమీటరు దాటాక ఆయన మళ్లీ లేసు కోసం వంగారు. ఆ చలిలో ఆయన టీషర్టు వీపంతా తడిసిపోయి ఉంది. ముఖం బూడిద రంగుకు తిరిగింది.

"ఇగ సాలు. ఈడనే కూసుందాం" అన్నాను.

"గీత దాటినంక కూసుంట. మైకుల మన పేరు సదువుతుండ్రు, ఇనవడ్తలేదా?" అన్నారు.

మేఘన వెనక్కి వచ్చి ఆయన చెయ్యి అందుకుంది. రెండో చెయ్యి నేను పట్టుకున్నాను. చల్లగా, చెమటతో జారిపోతోంది. అలాగే నడిపించుకుంటూ గీత దాటించాం. ఫొటో తీశారు, మెడళ్లు వేశారు. ఆ ఫొటోలో ముగ్గురం నవ్వుతున్నాం. దాన్ని నేను ఇప్పటికీ చూడలేను.

ఆయన తల్లి దగ్గరకు వెళ్లి సోడా అడిగారు. కొడుకు అలవాటు తెలిసి ఆమె సంచిలో తెచ్చింది. సగం తాగి, కక్కుకొని, ఆమె కుర్చీ పట్టుకొని కిందికి జారిపోయారు. గ్యాస్ ఎక్కింది, వీపు రుద్దమని అత్తమ్మ అంటోంది. చుట్టూ చేరినవాళ్లూ అదే అన్నారు. ఎవరో వాము నమిలించారు. ఇరవై నిమిషాలు అలా పోయాయి. చివరికి మేఘనే నా భుజం పట్టి ఊపింది. "మమ్మీ, ఇది గ్యాస్ కాదు. కార్ తియ్యి" అంది.

హైవే మీద కనిపించిన ఆస్పత్రికి తీసుకెళ్లాం. క్యాజువాలిటీలో నొప్పి ఎప్పటి నుంచని అడిగితే నేను పొద్దుటి నుంచి అన్నాను. స్ట్రెచర్ మీద ఆయన మూడు వేళ్లు చూపించారు. మూడు వారాలు. నాకు తెలిసింది ఆరు రోజులే. "మేజర్ ఎటాక్. గుండెకు రక్తమిచ్చే పెద్ద నాళం ఎల్‌ఏడీ బ్లాక్ అయి ఉంటుంది. వెంటనే యాంజియో చేయాలి, సంతకం పెట్టండి" అన్నారు. నా పేరు నేనే రెండుసార్లు తప్పు రాశాను.

స్టెంట్ వేశాక గుండె డాక్టరమ్మ కాగితాలతో బయటికొచ్చింది. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని మళ్లీ అదే ప్రశ్న. ఈసారి అత్తమ్మ జవాబిచ్చింది.

"మా ఇంట్ల గుండెజబ్బు ఎవ్వలకు లేదమ్మా. వీళ్ల బాపు గ్యాస్ ఎక్కి పోయిండు."

డాక్టరమ్మ రాయడం ఆపింది. ఎన్నేళ్లకని అడిగింది. నలభై తొమ్మిది. ఎలా పోయారని అడిగింది.

"వరికోతలప్పుడు పొలం కాడ రొమ్ముల మంట అన్నడు. చెమటలు వెట్టినయి. సోడా తాగి పండుకున్నడు, మల్ల లేవలే."

మా మామయ్య అన్నదమ్ముల సంగతి అడిగింది. పెద్దాయనా గ్యాస్‌తోనే పోయాడు, యాభై రెండేళ్లకు. చిన్నాయన నలభై ఆరేళ్లకు నిద్రలో పోయాడు. ఎవరినీ సతాయించకుండా పోయిన పుణ్యాత్ముడని మా ఇంట్లో చెప్పుకుంటాం.

"అమ్మా, వాళ్లు ముగ్గురూ హార్ట్‌తోనే పోయి ఉంటారు. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఆ క్లినిక్‌లో మీ అబ్బాయిని ఇంటికి పంపేవాళ్లు కాదు" అంది డాక్టరమ్మ.

ముగ్గురి ఫొటోలూ మా హాల్లో వరసగా ఉంటాయి. పెళ్లై వచ్చినప్పటి నుంచి ప్రతి పండక్కీ దండలు మారుస్తున్నది నేనే. ఆ వయసులు మాత్రం ఏనాడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. మా ఆయనకు నలభై ఏడు.

గండం గడిచిందనుకున్న మూడో రోజు ఐసీయూలో మిషన్లు మోగాయి. మమ్మల్ని బయటికి తోసేశారు. వీటీ వచ్చిందని, అంటే గుండె లయ తప్పి విపరీతమైన వేగంతో కొట్టుకుందని, షాక్ ఇవ్వాల్సి వచ్చిందని తర్వాత చెప్పారు. ఈఎఫ్ థర్టీ ఫైవ్ అన్నారు, అంటే గుండె సగం బలంతోనే కొడుతోందట. పది రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం. గట్టిగా దగ్గినా ముగ్గురం పరుగెత్తేవాళ్లం. ఆయన గడప దాటేవారు కాదు, ఫోన్ ఎత్తేవారు కాదు. నెలయ్యాక ఫ్లెక్సీ తీయించమని మాత్రం అడిగారు.

అత్తమ్మ మాటలు తగ్గించేసింది. ఒకరోజు నాతో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అంది. "ఆయనకు సోడా తెచ్చిచ్చింది నేనే. కొడుక్కు గూడ నేనే ఇచ్చిన." చాట పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

ఇక మిగిలింది మా మరిది. నలభై మూడేళ్లు. టెస్టులకు రమ్మంటే నాకేం నొప్పి, గుర్రంలా ఉన్నానని నవ్వేవాడు. అత్తమ్మ ఆటో ఎక్కి శామీర్‌పేటలో అతని ప్లాట్ల ఆఫీసుకు వెళ్లింది. కొనడానికి వచ్చినవాళ్ల ముందే కుర్చీ లాక్కొని కూర్చుంది. "మీ బాపు ఎట్ల వోయిండో చెప్త, కూసో చిన్నోడా" అని, సోడా సంగతితో సహా మొత్తం చెప్పింది. మర్నాడే వెళ్లాడు. రెండు చోట్ల బ్లాకులు. ఒక్క పూట కూడా నొప్పి లేదు.

ఇప్పుడు ఏడాది దాటింది. మా ఆయన ఈఎఫ్ కొంచెం పెరిగింది. పొద్దున్నే సమంగా ఉన్న రోడ్డు మీద అరగంట నడుస్తాం. నడుస్తూ మాట్లాడగలిగినంత వేగమే ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. ఆయన దారి పొడుగునా రాజకీయాలు మాట్లాడతారు. ఇదివరకు విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ మాట ఆగితే నా కాళ్లు ఆగిపోతాయి.

చదువుతున్న మీకు ఒక్కటే చెబుతాను. మీ ఇంటి పెద్దవాళ్ల పక్కన కూర్చొని, పోయినవాళ్ల గురించి ఒక్కొక్కరి పేరూ పెట్టి అడగండి. ఎన్నేళ్లకు పోయారు, నొప్పి ఎక్కడ వచ్చింది, చెమటలు పట్టాయా. గ్యాస్ అన్నా, నిద్రలో పోయారన్నా అక్కడితో వదిలేయకండి. ఒక కాగితం మీద రాసి, డాక్టర్ అడక్కముందే చేతికివ్వండి.

మా కాగితం అత్తమ్మ చెబుతుంటే మేఘన రాసింది. పోయిన ముగ్గురూ అయ్యాక వాళ్ల డాడీ పేరు, బాబాయి పేరు రాసింది. కలం మూయబోయి, ఆగి, చివర్న తన పేరూ తనే రాసుకుంది. పందొమ్మిదేళ్లు, చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ ఎక్కువ, నొప్పి ఇంకా లేదు.