పోల్‌క్యాట్ అంటే పిల్లి కాదు

నిన్న సాయంత్రం ఆఫీస్ నుంచి వస్తుంటే, అద్దాలు మూసే ఉన్నా, ఎక్కడినుంచో స్కంక్ అనే జంతువు భయపడితే చిమ్మే వాసన కార్లోకి దూరింది. కాలిన రబ్బరూ కుళ్ళిన వెల్లుల్లీ కలిపి నూరినట్టుండే ఆ కంపుకు ఎవరైనా ముక్కు మూసుకుంటారు. నేను అద్దం దించి, గుండెనిండా పీల్చుకుని, ప్రసూనాంటీని తలుచుకున్నాను.

గుంటూరు నుంచి అమెరికాలోని మోరిస్‌విల్ వచ్చేనాటికి నాకు తొమ్మిదేళ్లు. ఊరి చివర చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. నాన్న కారు తీసుకుని ఆఫీస్‌కి వెళ్ళిపోతే, ఆ ఎండాకాలమంతా అమ్మకూ నాకూ కంచె అవతలి రూబీ గారే లోకం. ఆవిడ కొండప్రాంతంలో పుట్టి, పెళ్లయ్యాక ఇటు వచ్చి, భర్త పోయాక ఒక్కతే ఉండే ముసలావిడ. పొద్దెక్కేసరికి ఆవిడ వరండాలో టమాటా ఆకుల పచ్చివాసన, పెనం మీద మొక్కజొన్న రొట్టె వాసన, ఎండలో తూనీగల రెక్కల మెరుపు. తూనీగను ఆవిడ స్నేక్ డాక్టర్ అనేది. దెబ్బ తగిలిన పాములకు అదే వైద్యం చేస్తుందట. కాగితం సంచి ఆవిడకు పోక్. దారానికి గుచ్చి ఎండబెట్టిన చిక్కుడుకాయలు లెదర్ బ్రిచెస్, అంటే తోలు లాగులు! "ఇవి మన వరుగులే కదే!" అంటూ అమ్మ ఆవిడ పక్కన కూర్చుని కాయలు గుచ్చేది. అలా గుచ్చుతూ గుచ్చుతూ ఇంగ్లిష్ నేర్చుకుంది. కొత్త మాట దొరికిన రోజు వంటింట్లో దాన్ని పాటలా పాడుకునేది.

ఆ తర్వాత వచ్చిన ఉగాదికి తెలుగువాళ్ళంతా ఒక క్లబ్‌హౌస్‌లో కలిశారు. పెత్తనమంతా ప్రసూనాంటీదే. వాళ్ళాయన ఆఫీసులో మేనేజరైన అమెరికన్ కూడా భార్యతో వచ్చాడు. వెళ్ళేటప్పుడు అమ్మ ఆ దొరసానికి గారెలు కట్టిచ్చి, "ఐ పుట్ దెమ్ ఇన్ ఎ పోక్ ఫర్ యూ" అంది. రూబీ గారితో కాక మరో తెల్లావిడతో అమ్మ తనంతట తాను మాట్లాడటం అదే మొదలు. ఆ దొరసాని నవ్వుతూ అందుకుంది కూడా.

"పోక్ ఏంటి రమా, బ్యాగ్ అనాలి! ఏ పల్లెటూరి ముసలమ్మ నేర్పిందమ్మా నీకీ ఇంగ్లిష్?" అని ప్రసూనాంటీ అందరికీ వినపడేలా అంది. "పోక్ అట పోక్! ఇవాళ్టి నుంచి నువ్వు మాకు పోకచెక్కవి."

హాలంతా నవ్వింది. అమ్మ కూడా నవ్వాలని చూసింది. ఆ పేరు అతుక్కుపోయింది. గుడిలో, ఇండియన్ షాపులో, పుట్టినరోజుల్లో ఎక్కడ కనపడినా "ఏం పోకచెక్కా, బావున్నావా?" అనేవాళ్ళు. అమ్మ ఇంగ్లిష్ మానేసింది. ఫోన్ మోగితే నాకందించేది. రూబీ గారు పలకరిస్తే తల మాత్రం ఊపేది. వంటింట్లో పాట ఆగిపోయింది. నేను మాత్రం లోలోపల పళ్ళు నూరుతూ పెరిగాను.

మరుసటేడు ప్రసూనాంటీ కొత్త ఇల్లు కొని వ్రతం చేసుకుంది. పొద్దువాలే వేళకు చుట్టాలంతా ఇంటి వెనక చెక్క డెక్ మీద పులిహోర తింటున్నారు. డెక్ కింద ఏదో కదిలింది. మెట్ల పక్కన ఆడుకుంటున్న నాకు నల్లటి కుచ్చుతోకా, దానిమీద తెల్లచారా కనిపించాయి. అలాంటిది రూబీ గారి పెరట్లోకి వచ్చినప్పుడు, స్కంక్‌ను తమ కొండల్లో పోల్‌క్యాట్ అంటారనీ, అది ముందుకాళ్ళతో నేల తన్నితే ఇక వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తాలనీ ఆవిడ నేర్పింది.

"ఏంటే అది?" అంది ప్రసూనాంటీ, మామిడిపిందెల పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని.

"పోల్‌క్యాట్, ఆంటీ."

"పిల్లేగా! దానికీ మీ అమ్మ ఇంగ్లిషేనా?" అని పకపకా నవ్వి, చీపురు తీసుకుని మెట్లు దిగి వంగింది.

కింద కాళ్ళు టపటపమని నేలను తన్నాయి. నేను నాలుగడుగులు వెనక్కి వేశాను, నోరు మాత్రం విప్పలేదు. తోక లేచింది.

ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో తియ్యగా ఉంది. మొహమంతా తడిసి, కళ్ళు మండి, ప్రసూనాంటీ గడ్డిలో చతికిలబడింది. అతిథులు విస్తళ్ళు వదిలేసి పరుగెత్తారు. కళ్ళు ఆ రాత్రికే తేరుకున్నాయి కానీ, పట్టుచీర చెత్తకుండీ పాలైంది. కొత్త ఇంట్లో నెలదాకా ఎవరూ భోజనానికి కూర్చోలేదు.

కారెక్కాక అమ్మ అడిగింది. "అదేంటో నీకు ముందే తెలుసుగా?"

"తెలుసు. పేరు చెప్పానుగా. ఆవిడకే ఇంగ్లిష్ రాదు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఇక అమ్మకు మాట తిరిగొస్తుందనుకున్నాను.

రాలేదు. మర్నాడు రూబీ గారు కంచె దగ్గర పలకరిస్తే అమ్మ మళ్ళీ తలే ఊపింది.

రూబీ గారు పోయారు. ఆ వరండా, టమాటా పాదులు, పక్క పొలం అన్నీ టౌన్‌హౌస్‌ల కింద సమాధి అయ్యాయి. స్నేక్ డాక్టర్ అంటే ఇప్పుడు మా ఆఫీసులో అమెరికా వాళ్ళకే తెలియదు. ప్రసూనాంటీ మొన్న గుడిలో నా చెయ్యి పట్టుకుని, "ఆ స్కంక్ గుర్తుందా తల్లీ, ఎంత నవ్వుకున్నామో!" అంది. అమ్మకు పెట్టిన పేరు గుర్తుందా అని అడిగాను. "ఏం పేరమ్మా?" అంది, నిజంగానే మరిచిపోయి.

ఈ ఉదయం డాక్టర్ దగ్గర నర్సు అమ్మను ఎక్కడ నొప్పి అని అడిగింది. అమ్మ నా వైపు చూసింది. నేనే చెప్పాను. ప్రసూనాంటీకి ఆ ఒక్క చీర పోతే చాలదు.